తురక అను మాట – తుర్కిక్ భాషా కుటుంబము: ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

మన పల్లెలలో ముస్లిములను ‘తురకలు’ అని పిలుచుట వాడుక. వారు ఇంటిలో మాట్లాడు ఉర్దూను ‘తురకము’ అని అనుట కూడ వింటూ ఉంటాము. తుర్కపల్లి, తురకపాలెం అను ఊరిపేర్లు ఉభయ రాష్ట్రములలో ఉన్నవి. సంఘములలో మాట్లాడునప్పుడు మనము కూడ ఈ మాటను పెద్దగా ఆలోచించకనే వాడుతుంటాము. అయితే ఇది మొదట ఒక మతమునకు పెట్టిన పేరు కాదు. మధ్య ఆసియాలో పుట్టిన ఒక ప్రజ పేరు. తరువాత ఆ ప్రజ భాషలకు కూడ పేరైనది. ఆ భాషలు మాట్లాడువారిలో ముస్లిములు, క్రైస్తవులు, యూదులు, బౌద్ధులు అందరును ఉన్నారు.

ఈ వ్యాసములో మూడు ప్రశ్నలను పరిశీలించుదము. తుర్కిక్ భాషలు ఏవి, అవి ఎక్కడ మాట్లాడబడుచున్నవి? వాటి నిర్మాణము ఎట్టిది? వాటిని మాట్లాడువారి విశ్వాసములకు, వారి భాషకు గల సంబంధము ఎట్టిది? మూడవ ప్రశ్న కాపరులకు ముఖ్యమైనది. ఎందుకనగా, ఒకని మతమును చూచి అతని భాషను, భాషను చూచి అతని మతమును ముందుగానే నిర్ణయించు అలవాటు మనలో బలముగా ఉన్నది. తుర్కిక్ ప్రజల చరిత్ర ఆ అలవాటును ప్రశ్నించుచున్నది.

1. మాట మన యొద్దకు వచ్చిన దారి

‘తుర్క్’ అను పేరు స్పష్టముగా చరిత్రకెక్కినది క్రీ.శ. 6వ శతాబ్దములో. 552లో నేటి మంగోలియా ప్రాంతములో తుర్కుల రాజ్యము ఏర్పడినది. వారి భాషలో మనకు దొరికిన పెద్ద శాసనములు 8వ శతాబ్దమువి. మంగోలియాలోని ఓర్ఖోన్ నది లోయలో క్యుల్ తెగిన్ అను రాకుమారుని జ్ఞాపకార్థము 732లోను, అతని అన్న బిల్గె ఖాగాన్ జ్ఞాపకార్థము 735లోను నిలిపిన శిలలపై ఆ భాష తన సొంత లిపిలో చెక్కబడినది. ఆ లిపిని చదువగలిగిన మొదటి పండితుడు డెన్మార్కు దేశస్థుడైన విల్‌హెల్మ్ థామ్‌సెన్. అది 1893లో జరిగినది. ఈ శిలలు చెక్కిననాటికి ఆ రాజులు ముస్లిములు కారు. వారు ఆకాశ దైవమును కొలిచినవారు.

తరువాతి శతాబ్దములలో తుర్కిక్ తెగలలో అనేకులు ఇస్లామును స్వీకరించారు. వారిలో కొందరు సేనానులుగా, రాజులుగా ఉత్తర భారతమునకు వచ్చారు. కాకతీయ రాజ్యముపై దండెత్తిన ఢిల్లీ సుల్తానులలో ఖల్జీల పేరు ‘ఖలజ్’ అను తెగ పేరు నుండి వచ్చినది. 1323లో ఓరుగల్లును పట్టుకొనిన ఉలుఘ్ ఖాన్ బిరుదులోని ‘ఉలుఘ్’ అను మాటకు తుర్కిక్ భాషలలో ‘గొప్ప’ అని అర్థము. అందుచేతనే ముసునూరి ప్రోలయ నాయకుని విలస శాసనములో వారు ‘తురుష్కులు’గా కనబడుదురు. గోలకొండ రాజ్యమును స్థాపించిన సుల్తాన్ కులీ కూడ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతమునకు చెందిన తుర్క్‌మాన్ వంశస్థుడే. ఈ విధముగా తెలుగువారు మొదట ఎరిగిన ముస్లిము పాలకులలో పలువురు నిజముగా తుర్కులే. ప్రజ పేరు క్రమముగా మతము పేరైనది.

ఇక్కడే చిక్కు వచ్చినది. నేడు తెలుగునాట ఉన్న ముస్లిములలో తుర్కిక్ భాష ఇంటి భాషగా గలవారు లేరు. ఉర్దూ తుర్కిక్ భాష కాదు. అది హిందీకి సోదరి, ఇండో-ఆర్య కుటుంబమునకు చెందినది. దాని పేరు మాత్రము తుర్కిక్: ‘ఓర్దు’ అనగా సైన్యపు విడిది. దూదేకుల వారికైతే ఇంటి భాష తెలుగే. అయినను వారిని కూడ ‘తురకలు’ అనుట కద్దు. తెలుగు తల్లిభాషగా గల వ్యక్తిని ఓర్ఖోన్ నది తీరపు ప్రజ పేరుతో పిలుచుచున్నామన్నమాట.

ఆ ప్రజ భాష నుండి మన వాడుకలోనికి వచ్చిన మాటలు లేకపోలేదు. ఖాన్, బేగం అను బిరుదులు తుర్కిక్ మాటలే. మనము వండుకొను కుర్మా, టర్కీ భాషలోని ‘కవుర్మా’ (వేయించినది) అను మాటకు రూపాంతరము. తుపాకి టర్కీ భాషలోని ‘త్యుఫెక్’కు బంధువు. ఈ మాటలు చాలవరకు పారసీకము, ఉర్దూల ద్వారా మనకు చేరినవి. వీటిని అన్ని మతములవారును వాడుచున్నారు.

2. కుటుంబము, దాని శాఖలు

నేడు తుర్కిక్ భాషలు సుమారు 35 నుండి 40 వరకు ఉన్నవి. వీటిని తల్లిభాషగా మాట్లాడువారు 17 కోట్లకు పైగా ఉన్నారు. పడమట బాల్కన్ దేశముల నుండి తూర్పున సైబీరియాలోని లేనా నది వరకు, దక్షిణమున ఇరాన్ వరకు, పశ్చిమ చైనా వరకు ఈ కుటుంబము వ్యాపించియున్నది. శాఖలను క్లుప్తముగా ఈ క్రింది విధముగా చెప్పవచ్చును.

(అ) ఓఘుజ్ శాఖ: టర్కీ భాష, అజర్‌బైజానీ, తుర్క్‌మెన్, గగౌజ్. మాట్లాడువారి సంఖ్యలో టర్కీ భాషే కుటుంబమంతటిలో పెద్దది.
(ఆ) కిప్చాక్ శాఖ: కజఖ్, కిర్గిజ్, తతార్, బష్కిర్, క్రిమియా తతార్, కరాయిమ్ మొదలైనవి.
(ఇ) కర్లుక్ శాఖ: ఉజ్బెక్, ఉయ్ఘుర్.
(ఈ) సైబీరియా శాఖ: సఖా (దీనినే యాకూత్ అని కూడ అందురు), తువా, ఖకాస్, ఆల్తాయ్.
(ఉ) ఓఘుర్ శాఖ: ఇందులో నేడు మిగిలినది రష్యాలోని వోల్గా నది ప్రాంతపు చువాష్ ఒక్కటే.
వీటికి తోడు ఇరాన్‌లోని ఖలజ్ భాషను పండితులు ప్రత్యేక శాఖగా లెక్కించుచున్నారు.

ఇవి ఒకే తల్లికి పుట్టినవని ఎట్లు తెలియును? ‘తొమ్మిది’ అను సంఖ్యను చూడుడి. టర్కీ భాషలో దొకుజ్, ఉజ్బెక్‌లో తొక్కిజ్, ఉయ్ఘుర్‌లో తొక్కుజ్. చువాష్‌లో మాత్రము తహ్హర్. మిగిలిన శాఖలలో ‘జ్’ ఉన్నచోట చువాష్‌లో ‘ర్’ వచ్చుట ఒక్క మాటలో జరిగిన యాదృచ్ఛికము కాదు. అనేకమైన మాటలలో క్రమము తప్పక కనబడును. అట్లే ‘పాదము’ అను అర్థములో టర్కీ భాషలో అయక్, ఖకాస్‌లో అజఖ్, సఖాలో అతఖ్, చువాష్‌లో ఉరా. ధ్వనుల మార్పులోని ఈ క్రమమే భాషా బంధుత్వమునకు సాక్ష్యము. పైకి ఒకే విధముగా వినబడుట సాక్ష్యము కాదు. ఈ నియమమును జ్ఞాపకముంచుకొందము, ముందు అవసరమగును.

ఈ భాషలను పోల్చి మొదట వ్రాసినవాడు యూరపు పండితుడు కాడు. కాష్గర్ ప్రాంతమునకు చెందిన మహ్మూద్ అను తుర్కు 1070వ దశకములో బాగ్దాదులో అరబ్బీ భాషలో ఒక తుర్కిక్ నిఘంటువును కూర్చాడు. తెగ తెగకు ఉచ్చారణ ఎట్లు మారునో అందులో చూపి, తుర్కిక్ ప్రజల నివాసములతో ఒక పటమును కూడ చేర్చాడు.

3. నిర్మాణము: తెలుగుతో పోలిక

తెలుగువాడు టర్కీ భాష నేర్చుకొన మొదలుపెట్టినచో ఇంగ్లీషు నేర్చుకొనుటలో పడిన కష్టములలో కొన్ని ఇక్కడ ఉండవు. ‘బెన్ ద్యూన్ ఎవె గెల్దిమ్’ అను వాక్యమును చూడుడి. బెన్ = నేను, ద్యూన్ = నిన్న, ఎవె = ఇంటికి, గెల్దిమ్ = వచ్చాను. మాటల వరుస తెలుగు వరుసయే. క్రియ చివరకు వచ్చును. ‘కి’ వంటి విభక్తి నామము వెనుక చేరును. నేను, నీవు అను కర్త గుర్తు క్రియ తోకలో ఉండును.

ఒక ధాతువునకు ప్రత్యయములను ఒకదాని వెంట ఒకటి అంటించుకొని పోవుట ఈ కుటుంబపు ముఖ్య లక్షణము. ఎవ్ అనగా ఇల్లు. ఎవ్‌లెర్ అనగా ఇండ్లు. ఎవ్‌లెరిమిజ్ అనగా మా ఇండ్లు. ఎవ్‌లెరిమిజ్‌దెన్ అనగా మా ఇండ్లలోనుండి. ప్రతి ముక్కకు ఒక అర్థము. ముక్కలను విడదీసి చూపవచ్చును.

రెండవ లక్షణము అచ్చుల పొందిక. ఎవ్ (ఇల్లు) బహువచనము ఎవ్‌లెర్; అట్ (గుఱ్ఱము) బహువచనము అట్‌లర్. మూలపదములోని అచ్చును బట్టి ప్రత్యయపు అచ్చు మారును. తెలుగులో ఇటువంటిది మనము ప్రతి దినము చేయుచునే ఉన్నాము. పులి‘కి’ అందుము గాని గురువు‘కు’ అందుము. పిల్లి అను మాట బహువచనములో పిల్లులు, మనిషి మనుషులు అగుచున్నది. తుర్కిక్ భాషలలో ఈ నియమము భాషయంతటా పాకియున్నది. పారసీక ప్రభావము వలన ప్రామాణిక ఉజ్బెక్‌లో మాత్రము అది చాలవరకు పోయినది.

మూడవది, లింగ భేదము లేకపోవుట. టర్కీ భాషలో ‘ఓ’ అను ఒక్క సర్వనామమే అతడు, ఆమె, అది అను మూడింటికిని సరిపోవును. గ్రీకు మూలములో పుంలింగము, స్త్రీలింగము స్పష్టముగా ఉన్న వచనమును ఈ భాషలోనికి తెచ్చు అనువాదకుడు ఎవరిని గూర్చి చెప్పుచున్నాడో పేరుతోనో, వేరొక మాటతోనో స్పష్టము చేయవలసి వచ్చును.

ఇన్ని పోలికలున్నవి గనుక తెలుగు, తుర్కిక్ ఒకే కుటుంబమా? ఈ ప్రశ్నను గంభీరముగా వేసినవాడు ఒక మిషనెరీ. తిరునెల్వేలిలో సేవచేసిన రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ప్రచురించిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణములో, ద్రావిడ భాషలు టర్కీ, ఫిన్నిష్, మంగోల్ మొదలగు భాషలున్న ‘సిథియన్’ సముదాయమునకు దగ్గరివని వాదించాడు. అంతకు ముందు 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ వ్రాసిన పీఠిక దక్షిణ భాషలు సంస్కృత జన్యములు కావని చూపియుండెను. కాల్డ్వెల్ దానిని విస్తారముగా స్థాపించిన భాగము నేటికిని నిలిచియున్నది. సిథియన్ సంబంధమును గూర్చిన భాగము నిలువలేదు. కారణము పైన చెప్పిన నియమమే: నిర్మాణములో పోలిక ఉన్నంత మాత్రమున రక్తసంబంధము ఋజువు కాదు, ధ్వనుల మార్పులో క్రమము కావలెను. తుర్కిక్, మంగోల్, తుంగుస్ భాషలను కలిపి ‘ఆల్తాయిక్’ అను ఒకే కుటుంబముగా చెప్పిన వాదమును కూడ నేడు భాషా శాస్త్రజ్ఞులలో అధికులు అంగీకరించుట లేదు.

4. బైబిలు దేశములును తుర్కులును

ఎఫెసు, తార్సు, గలతీయ, కప్పదొకియ నేటి టర్కీ దేశములో ఉన్నవని బైబిలు పటములలో చూచుచున్నాము. అందుచేత పౌలు తుర్కులకు సువార్త చెప్పెనని కొన్ని ప్రసంగములలో వినవచ్చుచున్నది. ఇది సరికాదు. పౌలు కాలమున ఆ ప్రాంతములో గ్రీకు వ్యాప్తిలో ఉన్నది. దానితోపాటు స్థానిక భాషలు కూడ ఉండినవి. లుస్త్రలో జనసమూహము లుకయోనియ భాషలో కేకలు వేసినట్లు అపొస్తలుల కార్యములు (14:11) చెప్పుచున్నది. అది తుర్కిక్ భాష కాదు. సెల్జుక్ తుర్కులు 1071లో మాంజికెర్ట్ యుద్ధములో బైజాంటియము సైన్యమును ఓడించిన తరువాతనే తుర్కిక్ భాష ఆ దేశములో విస్తారముగా నాటుకొన్నది. అనగా పౌలునకు, తుర్కుల రాకకు నడుమ దాదాపు వెయ్యి సంవత్సరములున్నవి.

ఇక ప్రవచన వ్యాఖ్యానములలో తోగర్మా (ఆది. 10:3, యెహె. 38:6) అను పేరు తుర్కులదే అని చెప్పుట కద్దు. ఇది కొత్త సంగతి కాదు. 10వ శతాబ్దములో యూదు మతమును అవలంబించిన ఖజార్ల రాజు యోసేపు, స్పెయినులోని యూదు పెద్దయైన హస్దాయికి వ్రాసినదని చెప్పబడు లేఖలో తమ ప్రజ తోగర్మా సంతానమని చెప్పుకొన్నాడు. అయితే యెహెజ్కేలు క్రీ.పూ. 6వ శతాబ్దపు ప్రవక్త. తుర్కుల పేరు స్పష్టముగా కనబడునది క్రీ.శ. 6వ శతాబ్దములో. రెండు పేర్లలో త, ర, గ అను అక్షరములు వినబడినంత మాత్రమున ఒక ప్రజను ప్రవచనములోనికి చేర్చుట భద్రమైన వ్యాఖ్యానము కాదు. అట్టి వ్యాఖ్యానము నేడు సజీవముగా ఉన్న కోట్లాదిమంది మీద ఒక శత్రువు పేరు అంటించును.

5. సిరియా లిపిలో తుర్కిక్ సమాధులు

తుర్కిక్ ప్రజలలో క్రైస్తవ్యము ఆధునిక మిషనుల కాలములో మొదలు కాలేదు. మన దేశములోని తోమా క్రైస్తవులు ఏ తూర్పు సంఘముతో సంబంధము కలిగియుండిరో, అదే సంఘము మధ్య ఆసియాలోను వ్యాపించినది. 780 నుండి 823 వరకు పేట్రియార్కుగా ఉన్న మొదటి తిమోతి తన లేఖలలో, తుర్కుల రాజు తన ప్రజతో కూడ క్రీస్తును అంగీకరించెననియు, వారికి ఒక మెట్రోపాలిటనును నియమించితిననియు వ్రాశాడు.

13వ శతాబ్దములో ఓంగుత్ అను తుర్కిక్ తెగలో పుట్టిన మార్కు అను సన్యాసి తన గురువు రబ్బాన్ సౌమాతో కలిసి చైనా ప్రాంతము నుండి యెరూషలేము యాత్రకు బయలుదేరాడు. యెరూషలేము చేరలేకపోయిరి గాని, 1281లో మార్కు మూడవ యహ్‌బల్లాహా అను పేరుతో ఆ సంఘమంతటికి పేట్రియార్కు అయ్యాడు. 1317లో మరణించువరకు ఆ స్థానములో ఉన్నాడు. రబ్బాన్ సౌమా 1287-88లో రాయబారిగా యూరపుకు వెళ్ళి ఫ్రాన్సు, ఇంగ్లాండు రాజులను కలిసికొన్నాడు.

నేటి కిర్గిజ్‌స్తాన్‌లో, ఇస్సిక్ కుల్ సరస్సుకు పడమట ఉన్న చూ నది లోయలో 1885-86లో రెండు క్రైస్తవ శ్మశానములు బయటపడినవి. అక్కడి సమాధి రాళ్ళమీద సిలువ గుర్తు, సిరియా లిపి ఉన్నవి. కొన్నింటి మీద భాష సిరియాక్. కొన్నింటి మీద తుర్కిక్. తేదీలు గ్రీకుల శకములోను, తుర్కుల పన్నెండు జంతువుల సంవత్సర చక్రములోను చెక్కబడినవి. 1338-39 సంవత్సరములకు చెందిన రాళ్ళు అసాధారణముగా వందకు పైగా ఉన్నవి. కొన్నింటి మీద తెగులు వలన మరణించినట్లు వ్రాసియున్నది. 2022లో ప్రచురితమైన జన్యు పరిశోధన ఆ అస్థికలలో ప్లేగు క్రిమి ఆనవాలును కనుగొని, యూరపును తుడిచిపెట్టిన నల్ల మరణము ఆ ప్రాంతము నుండే వ్యాపించియుండవచ్చునని తేల్చినది. పేరులో తుర్కు, లిపిలో సిరియా, విశ్వాసములో క్రైస్తవుడు: ఆ రాళ్ళ క్రింద నిద్రించుచున్నవారు అట్టివారు.

14వ శతాబ్దము చివరికి ఆ సంఘములు మధ్య ఆసియాలో దాదాపు కనుమరుగైనవి. తెగులు, యుద్ధములు, పాలకులు ఇస్లామును స్వీకరించుట – కారణములు పెక్కు. వారి ఆరాధన భాష ప్రధానముగా సిరియాక్‌గానే ఉండెననియు, తుర్కిక్ భాషలో సంపూర్ణ బైబిలు వారి నుండి మనకు దక్కలేదనియు గమనింపదగును.

6. దేవునికి ఏ పేరు?

ఓర్ఖోన్ శిలలపై ‘తెంగ్రి’ అను మాట ఉన్నది. ఆకాశము అనియు, దైవము అనియు దాని అర్థము. ఈ ఒక్క మాట ప్రయాణమును గమనించినచో మన విషయమంతయు బోధపడును. 14వ శతాబ్దము నాటి ‘కోడెక్స్ కుమానికుస్’ అను వ్రాతప్రతి వెనిస్ నగరపు గ్రంథాలయములో భద్రముగా ఉన్నది. ఇటలీ వర్తకులు, ఫ్రాన్సిస్కన్ సన్యాసులు నల్ల సముద్రపు ఉత్తర తీరమున కుమాన్ తుర్కుల భాషను నేర్చుకొని కూర్చినది అది. అందులో పదముల పట్టికతోపాటు పొడుపుకథలు, ప్రభువు ప్రార్థన, కీర్తనలు ఉన్నవి. అందులో దేవుని పేరు తెంగ్రియే. చువాష్ క్రైస్తవులు దేవుని ‘తురా’ అని పిలుచుదురు. సఖా వారు ‘తంగర’ అందురు. ఇవి ఆ మాట రూపములే.

టర్కీ భాషలో అదే మాట ‘తన్రి’. 1941లో లాటిన్ లిపిలో వెలువడిన టర్కీ బైబిలు దేవునికి ‘అల్లాహ్’ అను మాటను వాడినది. 2001లో వెలువడిన కొత్త అనువాదము ‘తన్రి’ అను మాటను ఎన్నుకొన్నది. దీనికి ఎదురుగా మోల్దోవాలోని గగౌజ్ ప్రజలను చూడుడి. వారు తరతరములుగా ఆర్థొడాక్సు క్రైస్తవులు. వారి ఇంటి భాష టర్కీ భాషకు అతి సమీపమైనది. వారు తమ ప్రార్థనలో దేవుని ‘అల్లాహ్’ అని పిలుచుదురు. ‘అల్లాహ్’ అనగానే ముస్లిము అని తలంచువాడు గగౌజ్ దేవాలయములో అడుగు పెట్టినచో దారి తప్పినట్లే. ఒక మాట ఏ మతమునకు చెందునో దాని ధ్వని నిర్ణయింపదు. దానిని ప్రార్థనలో ఎత్తువారు నిర్ణయింతురు.

7. లిపి, మతము, దేశము

పాతకాలపు తుర్కిక్ ప్రజలు భాషను బట్టి గాక మతమును బట్టి లిపిని ఎన్నుకొన్నారు. ముస్లిములు అరబ్బీ లిపిలో వ్రాశారు. కరాయిమ్ యూదులు తమ కిప్చాక్ భాషను హెబ్రీ లిపిలో వ్రాశారు. నేటి ఉక్రెయిన్ ప్రాంతములోని ఆర్మేనియను క్రైస్తవులు కొందరు కిప్చాక్ మాట్లాడుచు దానిని ఆర్మేనియను లిపిలో వ్రాశారు. వారి ప్రార్థన పుస్తకమొకటి 1618లో ల్వీవ్ నగరములో అచ్చయినది. కప్పదొకియలోని ఆర్థొడాక్సు క్రైస్తవులు అనేకులు టర్కీ భాషనే ఇంటిలోను, ప్రసంగములోను వాడుచు, దానిని గ్రీకు లిపిలో వ్రాశారు. వీరిని కరమన్లీలు అందురు.

వీరికి సంభవించినది మనము మరువరానిది. 1923 జనవరిలో లోజాన్‌లో గ్రీసు, టర్కీ దేశములు ప్రజల మార్పిడి ఒడంబడిక చేసికొన్నవి. ఎవరు ఏ దేశమునకు పోవలెనో నిర్ణయించినది భాష కాదు, మతము. టర్కీ భాష తప్ప మరొకటి రాని కరమన్లీ క్రైస్తవులు గ్రీసుకు పంపబడిరి. గ్రీకు భాష మాట్లాడు క్రేతు ద్వీపపు ముస్లిములు టర్కీకి పంపబడిరి. అప్పటికే పారిపోయినవారితో కలిపి సుమారు 12 లక్షల క్రైస్తవులు, నాలుగు లక్షలకు దగ్గరగా ముస్లిములు తమ ఊళ్ళను విడిచిరి. గ్రీసుకు చేరిన క్రైస్తవులను అక్కడివారు ‘తుర్కుల విత్తనము’ అని గేలిచేసిరి. టర్కీలో క్రైస్తవులని వెళ్ళగొట్టబడినవారు గ్రీసులో తుర్కులని చులకన చేయబడిరి. మనుష్యుని ఒక్క పేరుతో కొలిచినచో జరుగునది ఇదే.

20వ శతాబ్దములో లిపులను ప్రభుత్వములు మార్చినవి. 1926లో బాకూ నగరములో జరిగిన తుర్కిక్ భాషల మహాసభ తరువాత సోవియట్ దేశములోని తుర్కిక్ భాషలు లాటిన్ లిపికి, 1940 ప్రాంతమున సిరిలిక్ లిపికి మారినవి. టర్కీ 1928లో అరబ్బీ లిపిని విడిచి లాటిన్ లిపిని చేపట్టినది. తాత వ్రాసిన ఉత్తరమును మనుమడు చదువలేని తరములు పుట్టినవి. సోవియట్ పతనము తరువాత అజర్‌బైజాన్ 1991లోను, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ 1993లోను లాటిన్ లిపికి తిరిగి వచ్చినవి. 2024 సెప్టెంబరులో బాకూలో సమావేశమైన తుర్కిక్ ప్రపంచపు ఉమ్మడి వర్ణమాల సంఘము 34 అక్షరముల ఉమ్మడి లాటిన్ వర్ణమాలను అంగీకరించినది. చైనాలోని ఉయ్ఘుర్లు మాత్రము నేటికిని అరబ్బీ లిపినే వాడుచున్నారు.

8. బైబిలు అనువాదకులు

టర్కీ భాషలో మొదటి సంపూర్ణ బైబిలు చరిత్ర విచిత్రమైనది. 17వ శతాబ్దములో వోయిచెహ్ బొబోవ్‌స్కీ అను పోలండు యువకుని తతార్లు చెరపట్టి అమ్మివేయగా, అతడు ఒట్టోమాన్ సుల్తాను ఆస్థానములో సంగీతజ్ఞుడుగా, దుబాసిగా ఎదిగాడు. ఇస్లామును స్వీకరించి అలీ బేగ్ అను పేరు పొందాడు. 1660వ దశకములో ఇతడే బైబిలును టర్కీ భాషలోనికి అనువదించాడు. ఆ వ్రాతప్రతి హాలండులోని లైడెన్ నగరములో సుమారు నూట యాబది ఏండ్లు మూలబడియుండి, పరిష్కరింపబడి క్రొత్త నిబంధన 1819లోను, సంపూర్ణ బైబిలు 1827లోను పారిసులో అచ్చయినవి.

రష్యాలోని కజాన్ నగరములో నికొలాయ్ ఇల్మిన్‌స్కీ (1822–1891) మరొక పాఠము నేర్పాడు. బాప్తిస్మము పొందిన తతార్ల కొరకు మొదట పండితుల తతార్ భాషలో, అరబ్బీ లిపిలో అనువాదము జరిగినది. పల్లెవారికి అది అర్థము కాలేదు. ఇల్మిన్‌స్కీ ఇంటి వాడుక భాషను తీసికొని సిరిలిక్ లిపిలో వ్రాయించాడు; 1864లో వారి పిల్లలకొరకు కజాన్‌లో పాఠశాల స్థిరపడినది. ఆరాధన కూడ వారి భాషలోనే జరిగినది. అయితే ఇదంతయు రష్యా సామ్రాజ్యపు నీడలో జరిగినందున ముస్లిము తతార్లు దీనిని అనుమానముతోనే చూచిరి. ఆ అనుమానమునకు కారణము లేదని మనము అనలేము.

ఈ మార్గముననే ఇవాన్ యాకొవ్లెవ్ (1848–1930) 1870వ దశకము ఆరంభములో చువాష్ భాషకు వర్ణమాలను సిద్ధపరచి, సింబిర్‌స్క్‌లోని తన పాఠశాలలో ఉపాధ్యాయులను తయారుచేశాడు. సువార్తలు, కీర్తనలు చువాష్‌లో వెలువడినవి. సంపూర్ణ చువాష్ బైబిలు 2009లో వచ్చినది. గగౌజ్ ప్రజలలో మిహయిల్ చాకిర్ (1861–1938) అను ఆర్థొడాక్సు గురువు 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో తన ప్రజ భాషలో సువార్తలను, ప్రార్థనలను ప్రచురించాడు. బౌద్ధులు అధికముగా ఉన్న తువా భాషలో సంపూర్ణ బైబిలు 2011లో వెలువడినది.

9. కాపరికి ఇందులో ఏమున్నది?

మొదటిది, మాట వాడుక. ‘తురక’ అనునది నేడు మన యొద్ద తరచు చులకనగా వినబడుచున్నది. ఊరిపేర్లను మార్చుడని ఎవరును అనరు. కాని వేదికమీద నిలిచిన సేవకుడు ‘ముస్లిములు’ అని స్పష్టముగా చెప్పుట మేలు. భాషను గూర్చి చెప్పవలసినప్పుడు ‘ఉర్దూ’ అనుడి. తుర్కుల గురించి చెప్పునప్పుడే ఆ పేరు వాడుడి.

రెండవది, వ్యాఖ్యాన విధానము. పటములోని నేటి దేశమును చూచి పాత నిబంధనలోని పేరును దానికి అంటించుటకు ముందు ఆ ప్రజ ఎప్పుడు, ఎక్కడ, ఏ భాషతో చరిత్రలో కనబడినదో పరిశీలింపవలెను. సెమినరీ విద్యార్థులకు హెబ్రీ, గ్రీకు నేర్పుటలోని ఒక ఉద్దేశము ఇదియే.

మూడవది, పొరుగువానితో మాట్లాడు విధము. మీ ఊరిలోని దూదేకుల కుటుంబము ఇంటిలో తెలుగు మాట్లాడవచ్చును. పక్క వీధిలోని ముస్లిము కుటుంబము ఉర్దూ మాట్లాడవచ్చును. అడుగక తెలియదు. ‘మీరు ఇంటిలో ఏ భాష మాట్లాడుదురు?’ అను ప్రశ్నతో మొదలైన పరిచయము, ‘మీరు తురకలు గదా’ అని మొదలైన పరిచయము కంటె దూరము పోవును.

ముగింపు

చూ నది లోయలోని సమాధి రాతిపై తుర్కిక్ భాష, సిరియా లిపి, సిలువ గుర్తు కలిసియున్నవి. గగౌజ్ దేవాలయములో ‘అల్లాహ్’ అను పేరుతో ప్రభువు ప్రార్థన జరుగుచున్నది. దూదేకుల ఇంటిలో తెలుగు మాటతో నమాజునకు పిలుపు వచ్చుచున్నది. భాష తల్లి ఒడిలో దొరకునది. విశ్వాసము హృదయమునకు సంబంధించినది. రెంటిని ఒకటిగా కలిపి మనుష్యుల మీద పేర్లు వ్రాయుట 1923లో లక్షలాదిమందిని ఇల్లు లేనివారిగా చేసినది. ఆ పని చిన్న మోతాదులో మన నాలుకమీద జరుగకుండ చూచుకొనుట మన చేతిలో ఉన్నది.